శివవ్వకు నేను మార్చి చెప్పిన సీరియల్

శివవ్వ గురించి అడిగితే మా గల్లీలో ఎవరైనా రెండు మాటలు చెప్తారు. ఆమె చుట్టిన బీడీ ఊడదు. ఆమె తల వంగదు. మొదటి మాట నిజమో కాదో కార్ఖానా వాళ్లకు తెలుసు. రెండో మాట సంగతి మాత్రం నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ తల బతుకులో ఒకే ఒక్కసారి వంగుదామనుకుంది. దాన్ని వంగకుండా చేసిన పుణ్యాత్మురాలిని నేనే.

నా పేరు వత్సల. నాకు కోపం ఎక్కువ, నోరు అంతకన్నా ఎక్కువ అని మా ఆయన బాబురావు అంటాడు. ధైర్యం మాత్రం లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి నేనే కనుక్కున్నాను.

మాది నాందేడ్‌లో సాలెవాళ్ల గల్లీ. మగ్గాలు పోయి మగవాళ్లు మిల్లుల్లో చేరారు, ఆడవాళ్లు బీడీల చాటలు ఒళ్లో పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో నిజాం నాటి హిందీ. మూడు భాషలు వచ్చని మాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఎనభై ఆరులో మా ఇంటికి టీవీ వచ్చాక ఆ గర్వంలో ఒక వంతు పోయింది. మా హిందీలో ‘హౌ’ అంటే అవును, ‘నక్కో’ అంటే వద్దు. ఈ రెండింటి మధ్యనే బతుకంతా గడిచిపోయేది. టీవీలో ఆ రెండు మాటలు ఒక్కనాడూ వినబడలేదు. అందులో కూరగాయలమ్మే మనిషి కూడా పెళ్లి చేయించే పంతులులాగా మాట్లాడేవాడు.

బాబురావు ఎస్టీ డిపోలో మెకానిక్. బస్సులు బాగుచేసే మనిషి కాబట్టి టీవీ కూడా తనే బాగుచేయగలనని ఆయన నమ్మకం. అది చెక్కపెట్టెలో ఉండేది, ముందు జారే తలుపులు, వాటికి తాళం. తాళంచెవి మా అత్తమ్మ అనుసూయాబాయి నడుము దగ్గర దోపుకొనేది. ఆదివారం పొద్దున స్నానం చేసి, పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, తాళం తీసేది. అప్పటికే గల్లీలోని అత్తలందరూ వచ్చి కూర్చునేవారు. అత్తలే ఎందుకంటే, ఆ వేళకు తీరిక ఉండేది వాళ్లకే. కోడళ్లు ఇళ్లల్లో రొట్టెలు చేస్తుండేవారు.

మేం చూడనిదంటూ లేదు. గోధుమకు పట్టే తెగుళ్ల గురించి మా గల్లీ ఆడవాళ్లకు తెలిసినంత ఏ రైతుకూ తెలియదు, ఒక్కరికీ చారెడు నేల లేదు. వార్తలు చదివే ఆయన మా అందరికీ ఇష్టం. పావుగంట సేపు మాట్లాడి, అన్నం పెట్టమని అడగకుండా వెళ్లిపోయే మగవాణ్ని మేం అప్పటిదాకా చూడలేదు. ఒకసారి ఆదివారం మధ్యాహ్నం తెలుగు సినిమా వేస్తారని తెలిసి గల్లీ గల్లీ అంతా మా ఇంట్లో కూరుకుపోయింది. ఎదురుచూసి ఎదురుచూసి మా భాష వచ్చింది. తీరా చూస్తే ఆ సినిమాలో రెండు గంటలూ వాన పడలేదు, ఒక్కరూ పాట పాడలేదు, చివరికి ఎద్దు కూడా చచ్చిపోయింది. గా ఎద్దునన్న బతికియ్యకపోయిరి అని శివవ్వ వారం రోజులు తిట్టింది.

శివవ్వది మంజీర అవతల నిజామాబాద్ వైపు పల్లె. పన్నెండేళ్లకు పెళ్లయి నాందేడ్ వచ్చింది. కొడుకు దిగంబర్ పాకుతున్నప్పుడే మొగుడు పోయాడు. అప్పటినుంచీ బీడీలే ఆమె మొగుడు, బీడీలే ఆమె పొలం. ఒకసారి కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి ఆమెవి ఒక గుప్పెడు పక్కన పారేసి, బాగా లేవన్నాడు. ఈమె వాటిని ఏరుకుని మెట్ల మీద కూర్చుంది. ఒక్కొక్కటీ విప్పి, వచ్చేపోయేవాళ్లందరికీ చూపించింది. తప్పయిందని ఒక్క మాట అను, పోనిస్తాడు అని అందరూ చెప్పారు. తప్పు ఎక్కడుందో సూపిస్తే అంట, అంది. రెండు రోజులు అక్కడే తిని అక్కడే కూర్చుంది. మూడో రోజు ఆ మనిషే మెట్టు దిగి వచ్చి బీడీలు తీసుకున్నాడు.

ఆమెకు కుడికంట్లో పొర. టీవీ ముందు కూర్చోకుండా వెలుతురు కోసం గడప దగ్గర చాట పెట్టుకునేది. చేతులు బీడీలు చుడుతుంటే చెవులు మాత్రం మా మధ్య ఉండేవి. మొదట్లో ఆమె కోడలు ద్రౌపది పక్కనే కూర్చుని చెవిలో తెలుగు చేసి చెప్పేది. ద్రౌపది బిలోలి పిల్ల, ఏడో తరగతి దాకా చదివింది, చురుకైనది. అత్తాకోడళ్లు అలా తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుతుంటే మా అత్తమ్మకు కడుపుమంటగా ఉండేది.

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున ఒక సీరియల్ వచ్చేది. పేరెందుకు లెండి, చూసినవాళ్లే మరిచిపోయారు. ఢిల్లీలో పెద్ద ఇల్లు, ఒక అత్త, ముగ్గురు కోడళ్లు. ఎప్పుడు చూసినా బల్ల చుట్టూ కూర్చుని తింటుండేవారు. “గంతమంది తిన్నరు, గిన్నెలెవరు తోముతరు? అది సూపియ్యరేంది?” అని శివవ్వ ప్రతివారం అడిగేది. ఆ ఇంటి అత్త పడుకునేటప్పుడు కూడా మెడ నిండా నగలతో పడుకునేది. నడిపి కోడలు ఆఫీసుకు వెళ్లేది, భుజానికి ఒక సంచీ వేసుకుని.

ఆ సంచీతోనే వచ్చింది తంటా. ద్రౌపది తన బీడీల సొమ్ముతో గురుద్వారా బజారులో అలాంటి సంచీనే కొనుక్కుంది. గోధుమరంగు రెగ్జిన్ సంచీ. దాంట్లో బీడీ కట్టలు పెట్టి, భుజానికి వేసుకుని కార్ఖానాకు బయల్దేరింది. గల్లీ అంతా గడపల్లోకి వచ్చి నవ్వింది. నేనూ నవ్వాను. “టీవీల కోడలు మన గల్లీలకే అచ్చింది” అని అన్నది కూడా నేనే. ఆ మాట శివవ్వ చెవిన పడింది. ఆ సాయంత్రం ఆమె సంచీని తీసుకుపోయి స్నానానికి నీళ్లు కాగే పొయ్యిలో పెట్టింది. రెగ్జిన్ కాలిన కంపు గల్లీ చివరిదాకా కొట్టింది. ద్రౌపది ఏడవలేదు, అరవలేదు. తెల్లారి బస్సుకు బిలోలిలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

దిగంబర్ మంచివాడే. ఆ మాట అనేశాక వాడి గురించి చెప్పడానికి ఇంకేమీ మిగలదు. తల్లి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, మిల్లుకు వెళ్లిపోయాడు. కులపెద్ద లింగమూర్తి బిలోలి వెళ్లి ద్రౌపది అన్న సంగన్నతో మాట్లాడి వచ్చాడు. మాలో ఒక పద్ధతి ఉంది. అలిగి పోయిన కోడలిని తెచ్చుకోవాలంటే, ఎవరి వల్ల అలిగిందో వాళ్లే చీర, రవికెబట్ట, కొబ్బరికాయ, బియ్యం తీసుకుని వెళ్లి ఆమె ఒడి నింపి తెచ్చుకోవాలి. ఓటీ నింపడం అంటాం. లింగమూర్తి అదే చెప్పాడు.

“సంచీ కాలవెట్టిన చెయ్యే ఓటీ నింపాలె శివవ్వా. దిగంబర్ పోతే నడువది. పోలా అమావాస్య లోపట పోయిరా. తర్వాత నేను చెప్పినా సంగన్న ఇనడు.”

“నేను పోను” అంది శివవ్వ. నాలుగు నెలలు అదే మాట మీద ఉంది.

ద్రౌపది పోయాక శివవ్వకు తెలుగు చెప్పే పని నా మీద పడింది. నేను మెట్రిక్ చదివి, హిందీ పరీక్షలు కూడా రాసినదాన్ని. మొదట ఆమెకు ఒక్కదానికే చెప్పేదాన్ని, తర్వాత మాకూ చెప్పు మాకూ చెప్పు అని అందరూ అడిగితే గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను. శివవ్వకు నా పని నచ్చలేదు.

“ఆమె గంతసేపు మాట్లాడె, నువ్వు గింతే చెప్పినవ్. మిగిలింది నువ్వే మింగినవా?”

రోషం వచ్చింది నాకు. ఆ రోజునుంచి టీవీలో పెదవులు ఎంతసేపు ఆడితే అంతసేపు నేనూ మాట్లాడేదాన్ని. వాళ్లు చెప్పింది అయిపోతే నా సొంతం కలిపేదాన్ని. టీవీలో మామ ‘ఊఁ’ అంటే, నేను మామ చేత నాలుగు సామెతలు చెప్పించేదాన్ని. ఆడవాళ్లు పడీ పడీ నవ్వేవారు. నటులకన్నా నాకే పేరొచ్చిందంటే నమ్మండి.

ఆ పేరు ఒకరోజు తలకెక్కి ఉండగా నేనొక నిజం చెప్పాను. సీరియల్లో నడిపి కోడలు అత్తకు ఎదురు తిరిగింది. ఆ రోజు నేను ఒక్క ముక్క కూడా కలపలేదు. “అత్తా, నేను గూడ గీ ఇంటి మనిషినే, నన్ను పనిమనిషి లెక్క సూడకు, అంటుంది” అని ఉన్నదున్నట్టు చెప్పాను.

మంచం మీద కూర్చున్న అనుసూయాబాయి టీవీ వైపు చూడడం మానేసి నన్ను చూసింది.

“గది టీవీ అన్నదా, నువ్వన్నవా?”

అందరూ ఘొల్లున నవ్వారు. మా అత్తమ్మ నవ్వలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నేను వడ్డిస్తే తినలేదు. వత్సల టీవీని అడ్డం పెట్టుకుని అత్తను తిట్టిందని పక్కింటి కాశీబాయి ఊరంతా చాటింది. చివరికి బాబురావే నన్ను పక్కకు పిలిచాడు.

“ఎందుకే లొల్లి? అత్తల దిక్కు జర మంచిగ చెప్పరాదు. ఎవలకేం పోతది, టీవీ వాళ్లకు తెల్వనే తెల్వదాయె.”

నిజమే కదా అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి నా సీరియల్లో కోడళ్లందరూ బుద్ధిమంతులైపోయారు. టీవీలో కోడలు కస్సుమంటే నా దగ్గర కాళ్లకు మొక్కేది. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని పెద్దలన్నారు. నా నోటి పుణ్యమా అని ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి కూడా ఉత్తములయ్యారు. మా అత్తమ్మ మళ్లీ నా చేతి అన్నం తింది.

సీరియల్లో నడిపి కోడలు ఇల్లు వదిలిపోయిన వారం శివవ్వ చేతిలో బీడీ ఆగింది. ఆ తర్వాత వచ్చిన వ్యాపార ప్రకటనలో ఆ నటే టీపొడి డబ్బా పట్టుకుని నవ్వుతూ కనబడింది. శివవ్వకు ప్రాణం లేచొచ్చింది. “పాపం, ఇంట్లకెళ్లి పోయినా ఏదో పని దొర్కింది. చాపత్తా అమ్ముకుంటుంది. బతుకుతది” అంది. మేమంతా నవ్వాం. పేరెత్తకుండా ద్రౌపది గురించి ఆమె అన్న మాట అదొక్కటే, అది అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

శ్రావణం చివర, ఎద్దుల పండుగ పోలాకు ఇంకో పది రోజులుందనగా, శనివారం మధ్యాహ్నం శివవ్వ మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ పడుకుని ఉంది. కొంగు చాటునుంచి ఒక మూట తీసి నాకు చూపించింది. ఆకుపచ్చ చీర, రవికెబట్ట, కొబ్బరికాయ, చిన్న గుడ్డలో బియ్యం.

“సోమారం పొద్దుగాల బస్సుకు పోత బిడ్డా. ఇల్లు బోసిపోయింది. పోరడు అన్నం తింటలేడు.”

నాకు సంతోషమేసింది, అబద్ధం చెప్పను. మంచి పని చేస్తున్నవవ్వా అన్నాను. ఆమె మాత్రం కదల్లేదు. మూట ముడి వేస్తూ విప్పుతూ కూర్చుంది.

“పోయినంక ఏమనాల్నో ఎర్కలేదు నాకు. ఇన్నేండ్లల్ల ఎవ్వర్ని బతిమాలలే. గా టీవీ అత్త గూడ కోడలి కాడికి బైలెల్లింది గద, పోయినవారం కార్ల ఎక్కింది. రేపు ఆమె ఏమంటదో జర మంచిగ ఇని చెప్పు. కలుపకు, ఇడువకు. నేను గూడ గదే అంట.”

ఆ మాట విన్న చెవులు ఇవే.

ఆదివారం ఇల్లు నిండింది. శివవ్వ ఆ రోజు చాట తెచ్చుకోలేదు. గడప వదిలి లోపలికి వచ్చి, టీవీకి దగ్గరగా, నా పక్కన కూర్చుంది. సీరియల్లో అత్త కారు దిగింది. మొదటిసారి ఆమె మెడలో నగల్లేవు. కోడలు తలుపు తీసింది. అత్త గడప బయటే నిలబడి రెండు చేతులూ జోడించింది. ఏడవకుండా, నెమ్మదిగా నాలుగు ముక్కలు చెప్పింది. అంత సూటిగా, అంత తేటగా ఉన్న మాటలు ఆ సీరియల్లో అంతకుముందు రాలేదు. వాటిని తెలుగు చేయడానికి హిందీ పరీక్షలు రాయనక్కరలేదు.

నేను నోరు తెరిచాను. అనుసూయాబాయి మంచం మీద ముందుకు వంగింది. టీవీని కాదు, నన్నే చూస్తోంది.

“చేతులెందుకు జోడించిందే ఆమె? ఏమన్నది?”

అత్త కోడలికి చేతులు జోడించి తప్పు ఒప్పుకుంటోందని నా నోటితో నేను ఆ మంచం ముందు ఎలా చెప్పేది? మళ్లీ మూడు రోజులు, మళ్లీ కాశీబాయి, మళ్లీ ఊరంతా. నా పక్కన శివవ్వ మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఆమె అడిగింది నాకు గుర్తు లేదని చెప్పలేను. గుర్తుంది. గుర్తుండే చెప్పాను.

“దేవునికి మొక్కుతుంది అత్తమ్మా, కోడలికి బుద్ధిచ్చిండని. కోడలంటుంది, అత్తా, నువ్వెందుకచ్చినవ్, తప్పంత నాదే, రేపో ఎల్లుండో నేనే అద్దామనుకున్న, అంటుంది.”

“గట్ల రావాలె తొవ్వకు” అంది అనుసూయాబాయి, వెనక్కి ఆనుకుంది. టీవీ హిందీ తెలిసిన ఒకరిద్దరు ఎప్పటిలాగే నా వేళాకోళం అనుకుని ముసిముసిగా నవ్వారు.

శివవ్వ మాత్రం చాలాసేపు టీవీ వైపే చూసింది. ఆ తర్వాత నిమ్మళంగా లేచింది. “అట్లనా. అయితే తనంతట తనే అద్దామనుకున్నదన్నట్టు” అంది. గడప దాటేటప్పుడు ఆమె నడుము నిటారుగా ఉంది. సోమవారం బస్సు వెళ్లిపోయింది. శివవ్వ ఎక్కలేదు.

చెప్పేద్దామని అనుకోలేదా అంటే, అనుకున్నాను. సోమవారం ఉతకాల్సిన గుడ్డలున్నాయి. మంగళవారం ఆమె గడప దాకా వెళ్లాను. ఆమె కాశీబాయితో చెబుతోంది, “ఓపిక వట్టాలె, కోడండ్లు యాడికి పోతరు, అస్తరు” అని. అంత సంబరంగా ఉన్న ముఖం ముందు ఏం చెప్పాలో తోచక, చింతపండు ఉంటే అప్పిస్తావా అని అడిగి వచ్చేశాను. బుధవారం మా అత్తమ్మ నా వెంటే ఉంది. ఇవన్నీ సాకులేనని మీకు చెప్పక్కరలేదు. నాకు భయమేసింది, అంతే.

శివవ్వ రోజూ పదకొండు గంటల వేళకు గుమ్మం ఊడ్చేది. బిలోలి బస్సు వచ్చే వేళ అది. ఊడ్చి, చీపురు పట్టుకునే గల్లీ మొగదాకా చూసేది. పోలా నాడు పూరన్‌పోలీలు, అంటే బొబ్బట్లు, ముగ్గురికి చేసింది. మూడో మనిషివి మర్నాడు దిగంబర్ మిల్లుకు కట్టుకుపోయాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చి కూర్చునేది. నేను చెబుతూనే ఉన్నాను, అందరూ నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం నా గొంతు వింటేనే వెగటు పుట్టేది.

దసరా వెళ్లిన వారం లింగమూర్తి కబురు తెచ్చాడు. శుక్రవారం బిలోలి వెళ్లి సోడ్‌చిట్టీ రాసుకొస్తాడట. ఆ కాగితం మీద పెద్దలు సంతకాలు పెడితే ఇక మొగుడూ పెళ్లాలు కారు. బుధవారం పొద్దున, అత్తమ్మా, బిలోలి పోయి ద్రౌపదితో మాట్లాడొస్త అని చెప్పి బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో బస్సు కదిలాక తెలిసింది. దారిపొడుగునా, ఇంకా రెండు రోజులుంది ఇంకా రెండు రోజులుంది అని పిచ్చిదానిలా లెక్కపెట్టుకున్నాను.

ద్రౌపది ఇంటి ముందు జొన్నలు ఎండబోస్తోంది. నన్ను చూసి నవ్వింది. లోపలికి తీసుకుపోయి నీళ్లిచ్చి, మొదట అడిగిన మాట, “ఆమె కండ్లు ఎట్లున్నయి అక్కా? పొర తీపిచ్చుకున్నదా?”

లేదన్నాను. పొయ్యి మీద చాయ్ పెట్టి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది. పక్కింట్లో టీవీ ఉందట. పెద్ద బొంగుకు అంటెనా కట్టి నిజామాబాద్ దిక్కు తిప్పితే బొమ్మ వస్తుందట. ప్రతి ఆదివారం వెళ్లి చూసేదట.

“గా అత్త పోయి చేతులు జోడించిన రోజు నాకు నిద్ర రాలే అక్కా. మా అత్త గూడ సూసి ఉంటది, నేను లేకున్నా నువ్వు ప్రతి ముక్క చెప్తవు గద, అనుకున్న. సోమారం మంచి చీర కట్టుకున్న. బస్సు అచ్చినప్పుడల్ల బైటికచ్చి నిల్సున్న. మంగళారం గూడ. పోలా దాక నిల్సున్న. అంత సూసి, అంత ఇని గూడ రాలే అంటే ఇగ నేనేమనుకోవాలె? మా అన్నకు నేనే చెప్పిన, నీ ఇష్టమున్నట్టు చెయ్యుమని.”

చాయ్ పొంగి పొయ్యిలో పడింది. ఇద్దరం లేవలేదు.

నేను చెప్పాను. మూట దగ్గరనుంచి దేవునికి మొక్కుతుందన్న అబద్ధం దాకా ఒక్కటీ దాచలేదు. ద్రౌపది నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. జొన్నల దుమ్ము అంటిన చేతులను చీరకు తుడుచుకుంటూనే ఉంది, అవి శుభ్రమయ్యాక కూడా.

“అయితే ఇన్ని రోజులు ఆమె ఏం చేసింది?”

“నువ్వే అస్తవని సూసింది.”

ఆమె ముఖం తిప్పుకుంది. “మొన్న ఆదివారం సాఖర్‌పుడా అయింది అక్కా” అంది. అంటే చక్కెర పంచి మాట ఇచ్చుకున్నారు, సోడ్‌చిట్టీ కాగానే పెళ్లి. ధర్మాబాద్ మనిషి, మోటారు పంపులు బాగుచేస్తాడు, పెళ్లాం పోయింది. “నిన్న అచ్చి మా అమ్మ కాళ్లు మొక్కి పోయిండు. మంచోడు. ఆయనకు నేనేమని చెప్పాలె ఇప్పుడు? నువ్వు చెప్తవా?”

నేను లేచి పొయ్యి మీద మాడుతున్న గిన్నె దించాను.

ఇంటికి వచ్చి ముందు మా అత్తమ్మకే చెప్పాను. భయం పోయి కాదు, ఇక భయపడడానికి ఏమీ మిగలక. అనుసూయాబాయి అంతా వింది.

“నాకు భయపడి అబద్ధం చెప్పినవా? నేను గా మూడు రోజుల మాట ఎన్నడో మరిచిపోయిన కదనే” అంది. నడుము దగ్గర ఉన్న తాళంచెవి తీసి నా ముందు పెట్టింది. నేను దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే శివవ్వ ఇంటికి వెళ్లాను. దిగంబర్ మిల్లుకు వెళ్లిపోయాడు. ఆమె గడపలో కూర్చుని నీళ్లలో నానిన తునికాకు కత్తిరిస్తోంది. ఎదురుగా కింద కూర్చుని, మొదటినుంచీ చెప్పాను. ద్రౌపది బస్సుల కోసం నిలబడిన సంగతి చెప్పాను, చక్కెర పంచిన సంగతి కూడా చెప్పాను. కత్తెర ఆగలేదు. నేను చెప్పేది ఆమె వింటోందో లేదో తెలియలేదు. కొడతావేమో కొట్టవ్వా అన్నాను. కొట్టలేదు.

చేతిలో ఉన్న ఆకు కత్తిరించడం అయ్యాక కత్తెర కింద పెట్టింది.

“మరి గా అత్త అసలు ఏమన్నది?”

“ఏ అత్తవ్వా?”

“టీవీల అత్త. చేతులు జోడించి ఏమన్నది? కలుపకు, ఇడువకు.”

చెప్పాను. అవి నాకు నోటికి వచ్చు, రెండు నెలలుగా రోజూ లోపల చదువుకుంటూనే ఉన్నాను.

“ఇల్లంత మనుషులున్నరు బిడ్డా, నువ్వే లేవు. తప్పు నాది. ఇంటికి నడువు, అన్నది.”

“కోడలు లోపటికి రమ్మన్నదా?”

“రమ్మన్నదవ్వా. చెయ్యి పట్టుకొని తీస్కపోయింది.”

శివవ్వ పెదవులు కదిలాయి. ఆ మాటలను ఒకసారి లోపలే అనుకుని చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని సిద్ధపడి వచ్చాను, కోపం లేదు. అర్థంకాక అడుగుతున్న మనిషి చూపు అది.

“గింతేనా?” అంది. “గీ ముక్క నేను అనకపోదునా బిడ్డా.”